సంపాదకీయంతో పెరిగిన అంకె

మన ఇళ్ళల్లో కాలేజీ ఉద్యోగాల్లో ఉన్న పిల్లలు చాలామందే ఉన్నారు. బెంగళూరైనా, మదురైనా, బరంపురమైనా వాళ్ళ నోట ఒకటే మాట: ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉన్న జర్నల్లో పేపర్ రావాలి. ఈసారి ఆ అంకె చరిత్ర రాస్తున్నాను.

ఏ వ్యాసాన్ని ఎవరు ఉదహరించారో చూపే సూచిక ఉండాలని 1955లో అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ ప్రతిపాదించారు. ఆ సూచికలోకి ఏ పత్రికల్ని తీసుకోవాలో తేల్చుకోవడానికి పుట్టిన లెక్క ఇది. 1975 నుంచి జాబితాగా వస్తోంది. మనుషుల ప్రమోషన్ల కోసం పుట్టింది మాత్రం కాదు.

లెక్క చిన్నదే. గత రెండేళ్ళలో పత్రికలో వచ్చినవాటికి ఈ ఏడు దొరికిన సైటేషన్లు లవం. ఆ రెండేళ్ళలో వచ్చిన పరిశోధన వ్యాసాలు, సమీక్షా వ్యాసాల సంఖ్య హారం. సంపాదకీయాలు మామూలుగా హారంలోకి రావు. కానీ సంపాదకీయంలో ఏదైనా వ్యాసాన్ని ఉదహరిస్తే అది లవంలో చేరుతుంది, అది సొంత పత్రికలోని వ్యాసమైనా సరే. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

గొంతు, మాట సమస్యల మీద వచ్చే 'ఫోలియా ఫోనియాట్రికా ఎట్ లోగోపెడికా' అనే పత్రిక 2007లో ఈ చిక్కును బట్టబయలు చేసింది. హార్మ్ షుట్టె, యాన్ ష్వెట్స్ కలిసి రాసిన ఒక సంపాదకీయంలో, 2005, 2006లలో తమ పత్రికలో వచ్చిన వ్యాసాలన్నిటినీ ఉదహరించారు. కొన్ని దేశాల్లో ఈ అంకెతో పరిశోధకుల్ని తూచే పద్ధతికి అది నిరసన. దొంగచాటుగా కాదు, చెప్పి మరీ చేశారు. అంతకుముందు 0.66 ఉన్న ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 1.44కి చేరింది. పాత వ్యాసాల్లో ఒక్క అక్షరం మారలేదు! ఆ తర్వాత పత్రికను 2008, 2009 జాబితాల్లోంచి తప్పించారు. చెప్పి చేసినవాళ్ళకే శిక్ష పడిందని నాకు అనిపిస్తుంది. చెప్పకుండా చేసేవాళ్ళను పట్టుకోవడం అంత సులభం కాదు కదా.

మనకేం సంబంధం అంటారా? యూజీసీ 2018 నిబంధనలు చూడండి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 1 లోపు ఉన్న జర్నల్లో పేపర్‌కు అదనంగా 10 పాయింట్లు, 1కి 2కి మధ్య ఉంటే 15. అంటే 0.66 నుంచి 1.44కి వెళ్తే, రాసినవాడు వేలు కదపకుండానే పేపర్‌కు 5 పాయింట్లు పెరుగుతాయి. పాయింట్ల లెక్కలో పక్కనవాడు ఆ మేరకు వెనకబడతాడు.

ఆ జాబితాలోనే సొంత సైటేషన్లు తీసేసి లెక్కించిన ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కూడా ఇస్తారు. జర్నల్ ఎంచుకునేటప్పుడు రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడమని మన పిల్లలకు చెప్పండి.