తాలు ఏరే చేతులు

2024 మే 11, శనివారం. సాయంత్రం అయిదున్నర. గుంటూరు నుంచి ప్రత్తిపాడు మీదుగా పర్చూరు వెళ్లే దారి పక్కన, మిరప కల్లంలో ఉన్నారు మీరు. ఎండ ఇంకా చల్లబడలేదు. ఘాటుకు ఇప్పటికే రెండు తుమ్ములు తుమ్మారు. మూతికి తువ్వాళ్లు చుట్టుకున్న ఆడకూలీలు ఎర్రటి రాశి ముందు వరసగా కూర్చుని తాలు ఏరుతున్నారు. తెల్లబారిన కాయ కంట పడగానే చెయ్యి దాన్ని పక్కకు గిరాటేస్తుంది. అది టిక్కీ బస్తాలో కలిసిందా, గుంటూరు యార్డులో మచ్చు తీసి చూసినవాడు ధర తెగ్గోస్తాడు.

రోడ్డు మీద ఎన్నికల ప్రచార ఆటో ఒకటి చెవులు హోరెత్తిస్తూ పోయింది. దానికింకా అరగంటే గడువు.

వేపచెట్టు కింద నులకమంచం మీద ఈ ప్రాంత పత్రికా కంట్రిబ్యూటర్ కూర్చున్నాడు. కల్లం రైతు పొద్దుటి పేపర్లు రెండు తెచ్చి అతని ముందు పరిచాడు.

"అబ్బాయ్, ఇది వార్తా, యాడా?"

వంగి చూడండి. జిల్లా పేజీలో సగం మేర అభ్యర్థి ఫొటో. మెడలో గజమాల. ఊరూరా బ్రహ్మరథమట, గెలుపు ఖాయమట. 'ప్రకటన' అన్న మాట ఏ మూలా లేదు. రెండో పేపర్లోనూ అదే ఫొటో, అవే వాక్యాలు. అక్షరం పొల్లు పోలేదు.

"నువ్వు చూశావుగా బాబాయ్, నన్నడుగుతావేంది?" అన్నాడు కంట్రిబ్యూటర్, తల ఎత్తకుండా.

డబ్బు తీసుకుని ప్రకటనను ఇలా వార్తగా అచ్చేయడాన్ని మనవాళ్లు ప్యాకేజీ అంటారు. 2009 ఎన్నికల తర్వాత దీని మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేసింది. వారిలో ఒకరు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి, రెండోవారు పరంజోయ్ గుహా ఠాకుర్తా. 71 పేజీల నివేదికలో పత్రికల పేర్లతో సహా రాశారు. 2010లో కౌన్సిల్ దాన్ని కుదించి బయటపెట్టింది. నిజం రాయించుకుని దాచిపెట్టడం అన్యాయమని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈ కుర్రాడి మీద మాత్రం నాకు కోపం రాదు. లైన్ల లెక్కన వచ్చే డబ్బు బండి పెట్రోలుకు చాలదు. యాడ్ తెస్తే కమీషన్. వార్త కోసం వెళ్లిన గుమ్మానికే యాడ్ కోసం మళ్లీ వెళ్లాలి. అలాంటివాణ్ణి నిష్పక్షపాతంగా రాయమంటే ఎట్లా రాస్తాడు?

పక్కన టీ బడ్డీలో టీవీ మోగుతోంది. అందులో పార్టీ ప్రకటన రావాలంటే ముందు ఎంసీఎంసీ, అంటే మీడియా సర్టిఫికేషన్ అండ్ మానిటరింగ్ కమిటీ, చూసి సరేననాలి. ఆ పద్ధతి తెలుగునాట మొదలైన కేసులోంచే వచ్చింది. కేబుల్ టీవీలో రాజకీయ ప్రకటనలు వద్దన్న నిబంధనను 2004 మార్చిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పక్కనపెట్టింది. కేంద్రం జెమిని టీవీని ప్రతివాదిగా చేర్చి సుప్రీంకోర్టుకు వెళ్లింది. ముందుగా పరిశీలించాకే ప్రసారం చెయ్యాలని ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఆరయింది. మైకు ఆగిపోయింది. ఉన్నట్టుండి కాయల గలగల వినిపిస్తోంది. ఎల్లుండి ఆరింటికి పోలింగ్ ముగుస్తుంది. అప్పటిదాకా, ఈ 48 గంటలూ, టీవీలోనూ సినిమా హాల్లోనూ ప్రచారం కుదరదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ చెప్పేది అదే. అచ్చు పేపరుకు ఆ కట్టడి లేదు. రేపూ ఎల్లుండీ వేసే రాజకీయ ప్రకటనకు ఎంసీఎంసీ అనుమతి ఉంటే చాలు. వార్త వేషం వేసుకొచ్చిన ప్రకటన అనుమతి ఎందుకు అడుగుతుంది?

రైతు రెండు పేజీలూ చింపి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"కలెక్టరాఫీసులో ఇయ్యాలా?"

"ఆఁ. ఎంసీఎంసీ అని రాయి బాబాయ్. తేదీ కనపడేట్టు పెట్టు."

మీ ఇంటికొచ్చే రెండు పేపర్లను కూడా ఎన్నికల రోజుల్లో ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. అక్షరాలా కలిసిన పేజీ దొరికితే అదే పూట ఎంసీఎంసీకి పంపండి. అచ్చయిన 96 గంటల్లోగా రిటర్నింగ్ అధికారి అభ్యర్థికి నోటీసివ్వాలి. జవాబు చెప్పడానికి అభ్యర్థికి 48 గంటలు. జవాబు రాకపోతే ఆ జాగా ఖరీదు అతని ఖర్చులో పడుతుంది. అసెంబ్లీకి ఆ ఖర్చు పరిమితి 40 లక్షల రూపాయలు.