డిస్‌క్లోజర్ అండ్ బారింగ్ సర్వీస్

డిస్‌క్లోజర్ అండ్ బారింగ్ సర్వీస్ (డి.బి.ఎస్.) బ్రిటన్ హోం శాఖకు అనుబంధంగా పనిచేసే ప్రభుత్వ సంస్థ. పిల్లలతోను, వృద్ధాప్యం, అనారోగ్యం, వైకల్యం వంటి కారణాలవల్ల ఇతరులపై ఆధారపడిన పెద్దలతోను పనిచేయదలచినవారి నేరచరిత్రను ధ్రువపత్రం ద్వారా తెలియజేయడం, తగనివారిని అటువంటి పనులనుండి నిషేధించడం దీని ప్రధాన విధులు. ఈ ధ్రువపత్రాలను స్కాట్లండులో డిస్‌క్లోజర్ స్కాట్లండ్, ఉత్తర ఐర్లండులో యాక్సెస్ ఎన్.ఐ. జారీ చేస్తాయి.

నేపథ్యం

1997 నాటి పోలీసు చట్టం ఆధారంగా క్రిమినల్ రికార్డ్స్ బ్యూరో 2002 మార్చిలో పని ప్రారంభించింది. అదే సంవత్సరం ఆగస్టు 4న కేంబ్రిడ్జ్‌షైర్ లోని సోహమ్ పట్టణంలో పదేళ్ళ బాలికలు ఇద్దరు హత్యకు గురయ్యారు. హంతకుడు ఇయాన్ హంట్లీ 2001 చివరలో స్థానిక ఉన్నత పాఠశాలలో కేర్‌టేకర్‌గా చేరినవాడు. 1995, 1999 మధ్య హంబర్‌సైడ్ పోలీసుల పరిధిలో అతనిపై పలుమార్లు లైంగిక నేరారోపణలు వచ్చినా, వాటిలో దేనికీ శిక్ష పడలేదు. ఆ సమాచారం ఉద్యోగమిచ్చినవారికి చేరలేదు. హత్యలకుగాను 2003 డిసెంబరులో అతనికి యావజ్జీవ శిక్ష విధించారు.

ఈ వైఫల్యంపై విచారణ జరిపిన సర్ మైకేల్ బిచర్డ్ 2004 జూన్‌లో 31 సిఫారసులతో నివేదిక సమర్పించాడు. పోలీసు శాఖల మధ్య సమాచార మార్పిడి మెరుగుపడాలని, పిల్లలతో పనిచేసేవారిని నమోదు చేసే విధానం రావాలని, నియామకాలలో పిల్లల భద్రత గురించి ప్రధానోపాధ్యాయులకు, పాఠశాల పాలకవర్గాలకు శిక్షణ ఇవ్వాలని అందులో సూచించాడు.

చట్టాలు

నివేదిక ఫలితంగా 2006లో సేఫ్‌గార్డింగ్ వల్నరబుల్ గ్రూప్స్ చట్టం వచ్చింది. నిషేధ నిర్ణయాలకై ఇండిపెండెంట్ సేఫ్‌గార్డింగ్ అథారిటీ ఏర్పడింది. పిల్లలతో, ఆధారపడిన పెద్దలతో పనిచేసే లక్షలాది మందిని నమోదు చేయించాలన్న పథకం మితిమీరినదని విమర్శలు వచ్చాయి. పాఠశాలలకు వెళ్ళి పిల్లలతో మాట్లాడే రచయితలు కొందరు 2009లో దీనిని బహిరంగంగా వ్యతిరేకించారు. వారిలో ఫిలిప్ పుల్‌మన్ ఒకడు. 2010 జూన్‌లో ప్రభుత్వం నమోదును నిలిపివేసింది. 2012 నాటి ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం పథకం పరిధిని కుదించింది. 2012 డిసెంబరులో పై రెండు సంస్థలు విలీనమై డి.బి.ఎస్. ఏర్పడింది.

పరిశీలన విధానం

ప్రాథమిక, ప్రామాణిక, విస్తృత అని మూడు స్థాయిలున్నాయి. ప్రాథమిక పత్రంలో చట్టప్రకారం కాలం చెల్లని శిక్షలు, షరతులతో కూడిన హెచ్చరికలు మాత్రమే ఉంటాయి. విస్తృత పత్రంలో శిక్షలు, హెచ్చరికలతో పాటు, సంబంధముందని పోలీసు అధికారి సహేతుకంగా భావించిన ఇతర సమాచారం కూడా చేరవచ్చు. కొన్ని పనులకు నిషేధితుల జాబితాలను కూడా చూస్తారు. నిషేధితుడు అటువంటి పని చేయడం, తెలిసి అతనికి ఆ పని అప్పగించడం రెండూ నేరాలే.

వివాదాలు

శిక్ష పడని ఆరోపణను వెల్లడించడం న్యాయమా అన్నది ఈ విధానంలోని క్లిష్టమైన ప్రశ్న. వెల్లడించకపోతే సోహమ్ వంటి ఘటన జరగవచ్చు. వెల్లడిస్తే నిర్దోషి జీవనోపాధి కోల్పోవచ్చు. నిర్దోషిగా విడుదలైన ఒక వ్యక్తి పత్రంలో ఆ కేసు ప్రస్తావన ఉండటాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. అయితే 2019లో అదే న్యాయస్థానం, ఒకటికి మించి శిక్షలున్నవారి విషయంలోను, బాల్యంలో పొందిన హెచ్చరికల విషయంలోను అనుసరించిన నిబంధనలను తప్పుపట్టింది. 2020 నవంబరులో వాటిని సవరించారు.

పరిమితులు

ధ్రువపత్రం జారీ చేసిన నాటివరకు నమోదైన విషయాలను మాత్రమే తెలుపుతుంది. ఎన్నడూ ఫిర్యాదు కాని నేరం అందులో కనిపించదు. విదేశాలలోని నేరచరిత్ర సాధారణంగా దీనికి అందదు. అందువల్ల అక్కడి పాఠశాలల్లో, వృద్ధాశ్రమాల్లో ఉద్యోగానికి వెళ్ళే తెలుగువారిని స్వదేశపు పోలీసు ధ్రువపత్రం అడుగుతారు. భారతదేశంలో దీనిని పాస్‌పోర్టు కార్యాలయాల ద్వారా పొందవచ్చు. పాత యజమానులను విచారించడం, చేరిన తరువాత పర్యవేక్షణ, పిల్లల మాట వినడం ఈ పత్రంతో తీరిపోయే బాధ్యతలు కావు.

భారతదేశంలో

2020 నాటి పోక్సో నియమాల ప్రకారం పాఠశాలలు, శిశు సంరక్షణ కేంద్రాలు, క్రీడా శిక్షణ సంస్థలు వంటివి పిల్లలతో సంబంధమున్న సిబ్బందికి నిర్ణీత కాలవ్యవధులలో పోలీసు విచారణ జరిపించాలి.