అదురు, బెదురు

తెలుగులో 'అదురు', 'బెదురు' జంటపదాలు. 'అదురూ బెదురూ లేకుండా నిలబడ్డాడు' అంటాం. కన్ను అదురుతుంది, పెదవి అదురుతుంది, దగ్గర్లో పిడుగు పడితే గుండె అదురుతుంది. కండలో పుట్టే కదలికకూ మనసులో పుట్టే భయానికీ మన పెద్దలు ఒకే క్రియ వాడుకున్నారు. ఈ రెంటి చుట్టరికం ఎంత పాతదో, కాలాన్నిబట్టి అది ఎలా మారుతూ వచ్చిందో చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇక్కడ అదురు అంటే చలికి వణకడమో ముసలితనపు చేతి వణుకో కాదు. కంటిరెప్పలోనో, పిక్కలోనో, బొటనవేలి మొదట్లోనో, చర్మం కింద పురుగు మెదిలినట్టు కండ దానంతట అది టపటపా కొట్టుకోవడం. నొప్పి ఉండదు, బలం తగ్గదు. చాలామందికి ఓ పూటో రెండు పూటలో ఉండి పోతుంది. కొందరికి నెలలు, ఏళ్లు వదలదు. డాక్టర్లు చూసి 'ఏమీ లేదు' అంటారు. అయినా ఆ మనిషికి నిద్ర పట్టదు.

మనదేశంలో ఈ అదురుకు మొదట అర్థం చెప్పింది శకునశాస్త్రం. మగవారికి కుడివైపు, ఆడవారికి ఎడమవైపు అదిరితే శుభం, అటుదిటైతే అశుభం. వాల్మీకి సుందరకాండలో, అశోకవనంలో ప్రాణం తీసుకోవాలన్నంత నిరాశలో ఉన్న సీతకు ఎడమకన్ను, ఎడమభుజం, ఎడమతొడ అదురుతాయి. హనుమంతుడు ఇంకా ఎదుటికి రాలేదు. కబురు అందకముందే ధైర్యం అందింది. కాళిదాసు శాకుంతలంలో దుష్యంతుడు కణ్వాశ్రమంలో అడుగుపెట్టేటప్పుడు కుడిభుజం అదురుతుంది. అయిదో అంకంలో, రాజు కాదనబోయే ముందు, శకుంతలకు అదిరేది కుడికన్ను. తమిళుల శిలప్పదికారంలో ఇంద్రోత్సవం రోజున పుహార్ నగరంలో కణ్ణగికి ఎడమకన్ను, మాధవికి కుడికన్ను అదురుతాయి. ఒకే రోజు, ఒకే మగవాడి కోసం ఇద్దరు ఆడవాళ్లకు రెండు ఫలితాలు!

ఈ నమ్మకానికి భాషల సరిహద్దు లేదు. తమిళుల 'కణ్ తుడిక్కుదు', కన్నడిగుల 'కణ్ణు అదురుత్తిదె', మరాఠీల 'డోళా లవతోయ్' మన ఇరుగుపొరుగుల్లో రోజూ వినేవే. శకునం నిజమా అబద్ధమా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. రెండు సంగతులు మాత్రం గుర్తుంచుకోవాలి. శకునంలో సగపాలు మంచే ఉంది. పైగా దానికి గడువు ఉంది. జరిగితే జరిగింది, లేకపోతే నాలుగు రోజుల్లో మరిచిపోయారు.

పందొమ్మిదో శతాబ్దంలో అదురు చేతులు మారింది. పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆస్పత్రిలో జాన్ మార్టిన్ షార్కో అనే నరాల వైద్యుడు ఉండేవాడు. రోగిని బతికుండగా శ్రద్ధగా పరిశీలించి, పోయిన తరువాత వెన్నుపామును సూక్ష్మదర్శిని కింద చూసి, రెంటినీ జతపరచడం ఆయన పద్ధతి. ఆ దారిలో 1869లో జోఫ్రాయ్‌తో కలిసి ఒక వ్యాధి స్వరూపాన్ని బయటపెట్టాడు. 1874లో దానికి అమయోట్రోఫిక్ లేటరల్ స్క్లెరోసిస్ అన్న పేరు స్థిరపరిచాడు. కండరాలను నడిపే నరకణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. చేతులు కాళ్లు చచ్చుబడతాయి, కండ కరిగిపోతుంది, చివరికి మింగడం, ఊపిరి తీయడం కష్టమవుతాయి. చచ్చిపోతున్న కండలో అదురు కూడా కనిపిస్తుంది. అలా అదురు వైద్యగ్రంథాల్లోకి ఎక్కింది, అయితే బలహీనత పక్కన, కండ కరగడం పక్కన, మూడోదిగా.

ఈ వ్యాధి పేరు జనం నోట పడింది 1939లో. అమెరికాలో లూ గెహ్రిగ్ అనే బేస్‌బాల్ ఆటగాడు వరసగా 2,130 ఆటలు ఒక్కటీ మానకుండా ఆడినవాడు. మిన్నెసోటాలోని మేయో క్లినిక్ వైద్యులు అతని జబ్బు ఇదేనని తేల్చింది 1939 జూన్ 19న. అది అతని 36వ పుట్టినరోజు. 1941 జూన్‌లో చనిపోయాడు. అంతటి దృఢకాయుడికే వచ్చిందంటే ఎవరికైనా రావచ్చునన్న బెదురు అప్పటినుంచి జనంలో పాతుకుంది. 2014లో తలమీద ఐసునీళ్లు కుమ్మరించుకునే విరాళాల పందెం ప్రపంచమంతా తిరిగినప్పుడు, ఆ వ్యాధిపై పరిశోధనకు డబ్బు వచ్చింది. దాంతోపాటే దాని పేరు అంతకుముందు వినని ఇళ్లకూ చేరింది.

ఇక్కడే ఒక పొరపాటు జరిగింది. గ్రంథంలో మూడోదిగా ఉన్న లక్షణాన్ని జనం మొదటిదిగా చదువుకున్నారు.

దాన్ని సరిదిద్దే పని వైద్యులే మొదలుపెట్టారు. 1938లో డెనీ బ్రౌన్, పెన్నీబేకర్ అనే ఇద్దరు రెండు రకాల కదలికలను విడదీశారు. ఒక్క కండరపు పోగు విడిగా మెదలడం ఒకటి. అది చర్మం పైకి కనిపించదు, సూది గుచ్చి విద్యుత్తును కొలిస్తేనే తెలుస్తుంది. ఒకే నరకణం కింద ఉన్న పోగులన్నీ కట్టగా ఒక్కసారి లాగడం రెండోది. మన కంటికి కనిపించే అదురు ఇదే. దీని పేరు ఫాసిక్యులేషన్, అంటే చిన్న కట్ట అనే అర్థమున్న లాటిన్ మాటనుంచి వచ్చింది. 1948లో అదే డెనీ బ్రౌన్, ఫోలీతో కలిసి, ఏ వ్యాధీ లేనివారిలో కనిపించే ఇలాంటి అదురును వర్ణించి నిరపాయకరమన్నాడు. 1963లో రీడ్, కర్లాండ్ ఆరోగ్యవంతులను అడిగి చూస్తే సుమారు 70 శాతం మంది తమకూ అదురుతుందన్నారు. అంటే పదిమందిలో ఏడుగురికి! 1993లో బ్లెక్స్‌రడ్, విండ్‌బ్యాంక్, డౌబె నిరపాయకరమైన అదురున్న 121 మంది సంగతి 2 నుంచి 32 ఏళ్ల తరువాత మళ్లీ విచారించారు. ఒక్కరికీ ఆ మహావ్యాధి రాలేదు. ఈ పని జరిగింది గెహ్రిగ్‌కు తీర్పు చెప్పిన ఆ మేయో క్లినిక్‌లోనే.

మనం ఉండే ఊళ్లలోనూ ఈ చరిత్రలో ఒక పుట ఉంది. 1970లో మద్రాసులో మీనాక్షిసుందరం, జగన్నాథన్, రామమూర్తి పిన్నవయసువారిలో నిదానంగా నడిచే ఒక రకం నరకణ వ్యాధిని వర్ణించారు. అది మద్రాసు రకమన్న పేరుతోనే ప్రపంచ వైద్యగ్రంథాల్లో ఉంది. 1984లో బెంగళూరు నిమ్హాన్స్‌లో గౌరీదేవి, ఆమె సహచరులు ఒకే చెయ్యో ఒకే కాలో సన్నబడి, కొన్నేళ్లకు అక్కడితో ఆగిపోయే మరో రకాన్ని వివరించారు. వీళ్లెవరూ ఒక్క అదురును పట్టుకుని వ్యాధి తేల్చలేదు. బలం తగ్గిందా, కండ సన్నబడిందా అన్నదే చూశారు.

మరి ఇంత తేటపడ్డాక బెదురు ఎందుకు పోలేదు? దీనికి జవాబు ఇంకో చరిత్రలో ఉంది. ప్రాచీన గ్రీకు వైద్యులు పక్కటెముకల కిందిభాగాన్ని హైపోకాండ్రియా అనేవారు. దిగులు అక్కడి అవయవాల్లో పుడుతుందని నమ్మడంతో రోగభయానికే ఆ పేరు వచ్చింది. 1621లో రాబర్ట్ బర్టన్ దిగులు మీద పెద్ద గ్రంథం రాస్తూ, దిగులున్నవాళ్లు లక్షణాల భాగం చదవొద్దని, చదివితే అవన్నీ తమకు అంటగట్టుకుంటారని హెచ్చరించాడు. 1889లో జెరోమ్ కె. జెరోమ్ తన హాస్యనవలలో వైద్యగ్రంథం తిరగేసి, ఒక్కటి తప్ప అన్ని రోగాలూ తనకున్నాయని తేల్చుకున్న మనిషిని చూపించి నవ్వించాడు. అయితే నవ్వి ఊరుకోవడానికీ లేదు. ఊహారోగి మీద నాటకం రాసి, ఆ వేషం తానే వేసిన ఫ్రెంచి రచయిత మోలియేర్ నిజంగానే జబ్బుమనిషి. 1673 ఫిబ్రవరి 17న నాలుగో ప్రదర్శనలో రంగస్థలం మీదే అస్వస్థుడై ఆ రాత్రే పోయాడు. భయస్తుడికి జబ్బు రాదనే నియమం ఏమీ లేదు. భయం జబ్బుకు రుజువూ కాదు.

అదురు విషయంలో ఎక్కువ బెదిరేది తెలిసినవాళ్లే. 2013లో సిడ్నీ వైద్యులు సైమన్, కీర్నన్ ఈ భయంతో తమ దగ్గరికి వచ్చిన వైద్యుల గురించే రాసి, ఆ స్థితికి ఒక పేరు కూడా పెట్టారు. గ్రంథం చదివినవాడికి పిక్క అదిరితే మొత్తం గ్రంథం కళ్లముందు నిలుస్తుంది.

ఈ భయం ఎలా బతుకుతుందో 1986లో సాల్కోవ్‌స్కిస్, వార్విక్ అనే మానసిక శాస్త్రజ్ఞులు చక్కగా చెప్పారు. భరోసా కోసం పదేపదే అడగడమే భయానికి మేత అన్నారు. డాక్టరు 'ఏమీ లేదు' అంటే రెండు రోజులు హాయి. మూడోరోజు 'సరిగ్గా చూశాడా?' అన్న అనుమానం. తరువాత స్వయంగా పరీక్షలు: మునివేళ్ల మీద నిలబడడం, పిడికిలి బిగించడం, రెండు చేతుల లావు పోల్చుకోవడం. రోజుకు యాభైసార్లు పరీక్షించిన కండ అలసిపోయి మరింత అదురుతుంది. నిద్రలేమి, ఆందోళన, కాఫీ కూడా అదురును పెంచేవే. ఫిల్టర్ కాఫీ రాజ్యమేలే ఊళ్లలో స్థిరపడ్డ మనవాళ్లు ఈ చివరిదాన్ని కాస్త లెక్కలో పెట్టుకోవాలి. అదురు బెదురును పుట్టిస్తుంది, బెదురు అదురును పెంచుతుంది. జంటపదాలన్నది ఊరికే కాదు.

కాబట్టి చేయవలసింది కొంచెమే, అయితే అది కష్టమైనది. వదలని అదురు ఉంటే నరాల డాక్టరుకు ఒకసారి చూపించుకోవాలి. మొదట అదురుగానే కనిపించి తరువాత వ్యాధిగా తేలినవారు లేకపోలేదు గాని, చాలా అరుదు. ఆ ఒక్క పరీక్ష అందుకోసమే. పట్టు తప్పడం, కాలు ఈడ్చడం, కండ సన్నబడడం, మాట ముద్దవడం, మింగడంలో ఇబ్బంది కనిపిస్తే ఆలస్యం చేయకుండా మళ్లీ వెళ్లాలి. అవేవీ లేవని డాక్టరు తేల్చాక ఇంటి పరీక్షలు మానాలి. ఇంట్లోవాళ్లు కూడా 'మళ్లీ మొదలుపెట్టావా' అని వెక్కిరించకూడదు, గంటకోసారి ధైర్యం చెప్పకూడదు. విని, మాట మరో పనిలోకి మళ్లించడం మేలు. అలాగైనా తగ్గకపోతే మానసిక వైద్యుడి సాయం తీసుకోవడంలో చిన్నతనం లేదు.

అదురు పూర్తిగా పోతుందని ఎవరూ మాట ఇవ్వలేరు. కొందరికి జీవితాంతం అప్పుడప్పుడు వస్తూనే ఉంటుంది. శకునాల కాలంలో దానికి నాలుగు రోజుల గడువు ఉండేది. ఈనాటి బెదురుకు అలాంటి గడువు ఎవరూ పెట్టరు. మనమే పెట్టుకోవాలి.