నేషనల్ అలయన్స్: స్థాపకుడి తరవాత

నేషనల్ అలయన్స్ 1974లో అమెరికాలో ఏర్పడిన నయా నాజీ సంస్థ. స్థాపకుడు విలియం లూథర్ పియర్స్ (1933–2002) బతికున్నన్నాళ్లూ అక్కడి శ్వేతజాతి జాతీయవాద ముఠాలలో ఇదే కట్టుదిట్టమైనదని పేరు. అతడు పోయిన పదేళ్లకు మిగిలింది దాదాపు పేరే.

పియర్స్ భౌతికశాస్త్రంలో డాక్టరేట్ పొంది, ఆరెగన్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పినవాడు. 1966 నాటికి అమెరికన్ నాజీ పార్టీ నాయకుడు జార్జ్ లింకన్ రాక్‌వెల్ పత్రికకు సంపాదకుడయ్యాడు. 1967 ఆగస్టు 25న వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో రాక్‌వెల్‌ను కాల్చి చంపింది పార్టీ వెళ్లగొట్టిన ఒక పాత అనుచరుడే. వారసుడు మాట్ కోల్‌తో పొసగక పియర్స్ 1970లో బయటికొచ్చి, విల్లిస్ కార్టో మొదలుపెట్టిన నేషనల్ యూత్ అలయన్స్‌లో చేరాడు. కార్టోతోనూ చెడింది. ఆ సంస్థే పియర్స్ చేతిలో నేషనల్ అలయన్స్ అయింది. నాయకుడు పోతే ఏమవుతుందో కళ్లారా చూసినవాడు, తన తరవాతి సంగతి మాత్రం పట్టించుకున్నట్టు కనబడదు.

1985లో వెస్ట్ వర్జీనియాలోని మిల్ పాయింట్ దగ్గర 346 ఎకరాల స్థావరానికి మారాడు. మారుపేరుతో రాసిన 'ది టర్నర్ డైరీస్' (1978) నవల అప్పటికే ఆ వర్గాల్లో చేతులు మారుతోంది. 1995లో ఓక్లహోమా సిటీలో 168 మందిని చంపిన టిమతీ మెక్‌వే దాన్ని పదిమందికీ అంటగట్టినవాడే. 1991 నుంచి వారంవారం రేడియో ప్రసంగాలు సాగాయి. 1999లో రెజిస్టెన్స్ రికార్డ్స్ అనే పాటల కంపెనీని కొన్నాక కుర్రకారు డబ్బు కూడా రాసాగింది. 2002లో సభ్యులు సుమారు 1,400 మందని సదరన్ పావర్టీ లా సెంటర్ అంచనా.

అయితే అదొక ఒంటిస్తంభపు మేడ. రాసేవాడు, మాట్లాడేవాడు, తీర్మానించేవాడు ఒక్కడే. సభ్యులు చందా కట్టి విన్నారు. నాయకుణ్ణి ఎన్నుకునే పద్ధతి వాళ్లకెన్నడూ లేదు. కాబట్టి తగాదా వస్తే తీర్చే నిబంధనా లేదు, గెంటివేత తప్ప. 2002 జులై 23న పియర్స్ క్యాన్సర్‌తో చనిపోగానే పగ్గాలు అనుచరుడు ఎరిక్ గ్లీబ్ పట్టాడు. ఆ ఏడే బిల్లీ రోపర్ అనే మరో అనుచరుణ్ణి వెళ్లగొడితే అతడు వేరుకుంపటి పెట్టుకున్నాడు. 2005లో కెవిన్ స్ట్రోమ్ వర్గం చీలి నేషనల్ వాన్‌గార్డ్ అయింది. గ్లీబ్ దిగిపోగా వచ్చిన షాన్ వాకర్ మరుసటేడే అరెస్టయ్యాడు. మళ్లీ గ్లీబే దిక్కయ్యాడు. 2014లో సంస్థ పగ్గాలు మరోసారి చేతులు మారాయి.

ఐడహోలోని మరో నయా నాజీ ముఠా ఆర్యన్ నేషన్స్‌ది కాస్త భిన్నం. 2000లో కోర్టు విధించిన 63 లక్షల డాలర్ల పరిహారం దాని స్థావరాన్ని ముందే మింగేసింది. 2004లో దాని స్థాపకుడు రిచర్డ్ బట్లర్ మరణం మిగతా పని పూర్తిచేసింది.

ఫ్రాన్స్‌లో కథ వేరు. జాన్ మరీ లె పెన్ 1972లో పెట్టిన తీవ్ర మితవాద పార్టీ నేషనల్ ఫ్రంట్ 2011లో కూతురు మరీన్ చేతికి వచ్చింది. 2015లో తండ్రినే బహిష్కరించి, 2018లో పేరు మార్చుకుని కూడా నిలబడింది. ఇంటిపేరు సాయపడిన మాట నిజమే గాని, అసలు బలం ఎన్నికలది. 1984లో దామాషా పద్ధతిన యూరోపియన్ పార్లమెంటులో 10 స్థానాలు గెలిచింది మొదలు ఆ పార్టీకి పదవులు, ప్రభుత్వ నిధులు, ఊరూరా అభ్యర్థులు సమకూరారు. మిల్ పాయింట్‌లో పియర్స్ పోగుచేసింది పుస్తకాల గోదామూ శ్రోతలూ మాత్రమే.