బొగ్గు, నీరు, బ్యాటరీ: బిలాస్‌పూరు దారిలో బరువు–దూరముల లెక్క

శక్తిని తనవెంట మోసికొని పోవలసిన ప్రతి వాహనమునకును పుట్టుకతోనే యొక చిక్కు సంక్రమించుచున్నది. దూరము పోవలెనన్నచో దారిబత్తెము అధికముగా నుండవలెను. బత్తెము పెరిగినకొలది దానిని మోయుటకే అందులో కొంతభాగము వ్యయమగుచుండును. కొండదారులలో త్రొక్కుటకు విద్యుత్ సైకిలు కొనదలచినవారు నేడు అంగడిలో నిలిచి, ఎక్కువ రేంజి నిచ్చు పెద్ద బ్యాటరీని తీసికొందుమా, చేతులతో నెత్తుకొనదగిన తేలిక బండిని తీసికొందుమా యని చేయు వితర్కము నూతనమైనది కాదు. బొగ్గు, నీరు అను వేరు పేర్లతో ఈ వితర్కమే బిలాస్‌పూరు రైలుపట్టణమున ముప్పాతిక శతాబ్దికి పైగా ప్రతిదినమును జరిగినది. ఆ దారి దానికి చెప్పిన సమాధానములు మూడు. ఆ మూడింటిని తెలిసికొన్నవారికి సైకిలు నెన్నుకొనుట సుకరమగునని నా విశ్వాసము.

అర్పా నదీతీరమున, ఛత్తీస్‌గఢ్ వరిమైదానముల నడుమ నున్న బిలాస్‌పూరు 1861లో జిల్లాకేంద్ర మయ్యెను గాని, దాని భాగ్యరేఖ రైలుతోనే మారినది. 1887లో నెలకొన్న బెంగాల్ నాగపూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) సంస్థ, అప్పటికే నాగపూరునుండి రాజనందగాం వరకు నడుచుచుండిన మీటరుగేజి దారిని తన యధీనము చేసికొని, బ్రాడుగేజిగా మార్చి, అడవులను చీల్చుకొనుచు తూర్పునకు సాగి 1891లో అసన్‌సోలు చేరినది. ఆ కాలముననే బిలాస్‌పూరునుండి ఉత్తరదిశగా మైకల పర్వతశ్రేణి నెక్కి, ఉమరియా బొగ్గుగనులమీదుగా కట్నీ వైపు పోవు శాఖామార్గమును వెలసెను. ప్రధానమార్గము చదునునేలపై పరుగెత్తగా, శాఖామార్గము కొండ నెక్కవలసి యుండెను. ఈ రెండు దారుల కూడలియందు ఇంజన్లకు షెడ్డు, పనివారికి కాలనీ, వారి చుట్టును ఒక పట్టణము ఏర్పడినవి.

ఆ పట్టణ నిర్మాణములో తెలుగువారి చెమట కలసియున్నది. కటకమునకు దిగువను వాల్తేరు వరకు గల తూర్పుతీరపు రైలుదారి 1902లో బి.ఎన్.ఆర్. చేతికి వచ్చుటతో, శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణ ప్రాంతముల యువకులకు ఖరగ్‌పూరు, చక్రధరపూరు, బిలాస్‌పూరు ఇరుగుపొరుగు గ్రామములవలె నయ్యెను. 1931లో పార్వతీపురమునుండి రాయపూరునకు దారి పూర్తియగుటతో ఆ రాకపోకలు మరింత సులభమయ్యెను. గ్యాంగుమన్లుగను, ఫిట్టర్లుగను, ఫైర్‌మన్లుగను చేరినవారి మనుమలు నేడును బిలాస్‌పూరు రైల్వేకాలనీలలో తెలుగు మాటలాడుచు, ఏటేట సోలాపురి అమ్మవారి పూజను భక్తిశ్రద్ధలతో జరుపుకొనుచున్నారు. బరువునకును దూరమునకును గల లెక్కను పుస్తకమున గాక పారతో నేర్చుకొన్నవారు ఆ తాతలే.

ఆవిరియంత్రము మోయు బత్తెము రెండు విధములు. కిలో బొగ్గు మండినచో ఇంచుమించు ఆరేడు కిలోల నీరు ఆవిరియగును. ఆ ఆవిరి సిలిండరులో పనిచేసి పొగగొట్టమున బయటికి పోవునే గాని మరల బాయిలరునకు రాదు. కాబట్టి బొగ్గుకంటె ముందు నీరే నిండుకొనును. స్వాతంత్ర్యానంతరము మన రైళ్లను లాగిన డబ్ల్యూపీ, డబ్ల్యూజీ తరగతుల ఇంజన్లు తమ వెనుకనున్న టెండరులో సుమారు పదునైదు టన్నుల బొగ్గును, ఇరువది టన్నులకు మించిన నీటిని మోయుచుండెడివి. ఆ టెండరు చక్రములకు లాగు శక్తి లేదు. అది కేవలము మోత. టెండరును పెద్దది చేసినచో నీటికై ఆగు పని తగ్గును గాని, అదే ఇంజను లాగగల సరకు అంతకంత తరిగిపోవును. వంతెనల బలమును, పట్టాల బలమును చూచుకొనుట మరియొక బాధ.

దీనికి రైలువారు కనుగొన్న మొదటి సమాధానము, బత్తెమును బండిలో గాక దారిలో నుంచుట. నదులకడను, చెరువులకడను పంపులు బిగించి, స్టేషన్లలో ఎత్తైన తొట్లు కట్టి, ఇంజను తదుపరి నీటితావు చేరుటకు చాలినంత మాత్రమే మోయునట్లు దారి నంతయు పంచుకొనిరి. ప్లాట్‌ఫారము చివర నీటికాలము అను ఇనుప స్తంభము నిలిచియుండెడిది. దాని శిరస్సున అడ్డముగా తిరుగు గొట్టము, ఆ గొట్టమునకు వ్రేలాడు తోలుసంచి. డ్రైవరు కొలతవేసినట్లు ఇంజనును ఆపగనే ఫైర్‌మన్ బొగ్గుకుప్పమీదుగా టెండరు పైకెక్కి, మూత తెరచి, గొట్టమును తనవైపునకు త్రిప్పి, తోలుసంచిని రంధ్రములోనికి జొనిపి, క్రిందివానికి కేకవేసెడివాడు. నీరు దూకిన మరుక్షణము తోలు ఉబ్బి ఎగురబోవుచుండగా దానిని కాలితో అదిమిపట్టి నిలుచుండెడివాడు. మే నెల ఎండలో ఆ తుంపరలు వానికి జీతముకంటె ఎక్కువ సుఖము నిచ్చెడివి. ఆగిన ప్రతి నిమిషము కాలహరణమే యైనను, ఆ కాలమును చెల్లించి బరువును తప్పించుకొనుటయే లాభమని ఆ తరమువారు నిశ్చయించిరి.

కట్నీ శాఖలో మాత్రము ఈ ఉపాయ మొక్కటియే చాలలేదు. బిలాస్‌పూరునుండి వంద కిలోమీటర్ల దూరమున నున్న పేండ్రారోడ్డు సముద్రమట్టమునకు ఆరువందల మీటర్లకు పైనున్నది. ఖోంగ్‌సరా, భన్వర్‌టంక్ ప్రాంతములలో దారి వంకరలు తిరుగుచు అడవిలో ఎగబ్రాకును. అట్టి ఎగుడున ఇంజనునకు శక్తి యుండియు చక్రము జారినచో ప్రయోజనము లేదు. చక్రము జారకుండవలెనన్న దానిమీద బరువు పడవలెను. చదునున శత్రువైన బరువే ఎగుడున మిత్రమగుట ఇచట గమనింపదగిన విశేషము.

ఈ విశేషమును సంపూర్ణముగా వాడుకొన్నవాడు హెర్బర్ట్ విలియం గారట్ అను ఆంగ్ల ఇంజనీరు. అతడు 1907లో హక్కుపత్రము పొందిన పద్ధతిలో ప్రత్యేకముగా టెండరు లేదు. బాయిలరును నడుమ ఉయ్యాలవలె వ్రేలాడదీసి, నీటితొట్టిని ముందరి చక్రములపైన, బొగ్గును వెనుకచక్రములపైన నుంచి, ఆ రెండు చక్రసమూహములకును లాగు శక్తిని కల్పించెను. వ్యర్థభారమైన బత్తెము ఈ విధముగా పట్టునిచ్చు భారమయ్యెను. మాంచెస్టరులోని బేయర్ పీకాక్ కర్మాగారమునుండి 1925లో రెండు గారట్లను తెప్పించి పరీక్షించిన బి.ఎన్.ఆర్., 1929 మొదలుకొని ఎన్ తరగతి ఇంజన్లను పదునారింటిని, పిదప ఎన్‌ఎం తరగతివి పదింటిని రప్పించెను. రెండువందల ముప్పది టన్నులకు మించిన ఎన్ తరగతిని మించిన ఆవిరియంత్రము భారతదేశమున నడువలేదు. వాటిలో 815 సంఖ్యగలది ఢిల్లీ జాతీయ రైలు ప్రదర్శనశాలలో నేటికిని దర్శనీయము. ఐనను ఈ రెండవ సమాధానమునకును ఒక లోపము గలదు: నీరు తరుగుచున్నకొలది చక్రములపై బరువును తరుగుచుండును గనుక, ఎగుడు ముగియువేళకు పట్టు కొంత సడలును.

మూడవ సమాధానము బత్తెమును బొత్తిగా ఇంటివద్ద విడిచిపోవుట. నడుమ 1962లో అమెరికానుండి వచ్చిన డబ్ల్యూడీఎం-2 డీజిలు ఇంజను, అయిదువేల లీటర్ల నూనెతో నీటికాలముల వంక చూడకయే వందలకొలది మైళ్లు పరుగెత్తి, ఒకే బరువులో ఎంత శక్తిని ఇముడ్చవచ్చునో చూపినది. ఐనను 1959–60లో, బి.ఎన్.ఆర్. స్థానమున వచ్చిన ఆగ్నేయ రైల్వేలోనే రాజ్‌ఖర్సవాన్–డంగోవాపోసి మార్గమున మొదలైన ఇరువదియైదువేల వోల్టుల తీగ, పిదప బిలాస్‌పూరు దారిని చేరుటతో, బొగ్గు ఇంజనును విడిచి విద్యుత్కేంద్రములో మండజొచ్చెను. ఇంధనమును మోయవలసిన అవసరమే లేని ఇంజను ఎంత తేలికగా నుండవలెను! కాని నేడు గూడ్సులను లాగు డబ్ల్యూఏజీ-9 నూట ఇరువదిమూడు టన్నులు తూగగా, దానికి కావలెనని మరికొంత బరువును జోడించి నూటముప్పదిరెండు టన్నుల డబ్ల్యూఏజీ-9హెచ్‌ను నిర్మించిరి. అది చక్రముల పట్టుకొరకే. బరువు తగ్గించుట తనంతట తాను గుణము కాదనియు, అది ఎచట నున్నదో, ఏ పని చేయుచున్నదో చూడవలెననియు ఈ నూరేండ్ల చరిత్ర బోధించుచున్నది.

ఈ మహాయంత్రముల నీడలోనే సైకిలును బిలాస్‌పూరు కాలనీలో జీవనాధారమై యుండెను. అర్ధరాత్రమున కాల్‌బాయ్ సైకిలుపై క్వార్టర్ల సందులలో తిరుగుచు, డ్యూటీ పడిన డ్రైవరు తలుపు తట్టి, పుస్తకమున సంతకము పెట్టించుకొని పోయెడివాడు. ఇరువది కిలోల చేరువ తూగు ఆ నల్లసైకిలునకు బత్తెము త్రొక్కువాని కడుపులోనిదే గనుక, రేంజి యను ప్రశ్నయే పుట్టలేదు. ఆ ప్రశ్న పుట్టినది 1993లో, జపానులో యమహా సంస్థ త్రొక్కుడునకు మోటారు సాయమిచ్చు సైకిలును విక్రయించినప్పుడు. సీసపు బ్యాటరీతో అది ముప్పదియొక్క కిలోలు తూగెను. 1991లో సోనీ సంస్థ అంగడికి తెచ్చిన లిథియం-అయాన్ బ్యాటరీ క్రమముగా సైకిలునకు దిగివచ్చిన పిమ్మట, అదే బరువులో నాలుగైదింతల శక్తి నిలువజొచ్చెను.

నేటి కొండసైకిలులో 500 వాట్-అవర్ల బ్యాటరీ సుమారు మూడు కిలోలు, 750 వాట్-అవర్లది సుమారు నాలుగున్నర కిలోలు తూగును. నిండుశక్తి గల బండ్లు ఇరువదిరెండు మొదలు ఇరువదియైదు కిలోల వరకు నుండగా, మూడువందల పైచిలుకు వాట్-అవర్ల చిన్న బ్యాటరీతో పదునేడు పదునెనిమిది కిలోలకు దిగు తేలికజాతియు గలదు. ఇప్పుడు బిలాస్‌పూరునుండి నర్మద పుట్టిన అమర్‌కంటక్ నెక్కదలచితి మనుకొందము. పట్టణమునకంటె అది సుమారు 780 మీటర్లు ఎత్తు. మనిషియు బండియు కలసి వంద కిలోలైనచో, ఆ ఎత్తునకు ఎత్తుటకే 210 వాట్-అవర్లకు పైగా పట్టును. అందు కొంత కాళ్లు భరించును, రాపిడికిని గాలికిని మోటారు నష్టమునకును మరికొంత చేరును. పెద్ద బ్యాటరీ తెచ్చు అదనపు కిలోన్నరను ఆ ఎత్తునకు మోయుటకు పట్టునది నష్టములతో కలిపి నాలుగైదు వాట్-అవర్లు మాత్రమే. అది తెచ్చు అదనపు శక్తి 250. పెద్ద బ్యాటరీ తన బరువునే తాను తినివేయునను భయము ఈ విధముగా లెక్కకు నిలువదు.

ఐనచో బరువు బాధింపదా? బాధించును, కాని మరియొక చోట. క్వార్టరు మెట్లపైకి భుజాన నెత్తునప్పుడు, రైలుదారి పైవంతెన దాటించునప్పుడు, అడవి కాలిబాటలో రాళ్లనడుమ ముందుచక్రమును చటుక్కున మళ్లింపవలసి వచ్చినప్పుడు, అన్నిటికంటె మిన్నగా బ్యాటరీ ఉడిగిన బండిని ఒట్టి కాళ్లబలముతో ఇంటికి తెచ్చుకొనునప్పుడు ప్రతి కిలోయు తన్ను తెలియజేయును. పైగా దిగుడున శక్తిని తీగకు తిరిగి యిచ్చు విద్యుత్ ఇంజనువలె కొండసైకిలు సామాన్యముగా బ్యాటరీని నింపుకొనలేదు. ఎక్కుటకు వ్యయమైనది వ్యయమైనదే. ఇక సైకిలు నిర్మాతలును గారట్ చూపిన మార్గము వంటిదే త్రొక్కిరి: తొలినాళ్ల బండ్లలో వెనుకచక్రముపై కేరియరులో నుండిన బ్యాటరీ, నేడు క్రిందిగొట్టములోనికి, మోటారు పెడలుల ఇరుసు చెంతకు దిగి, రెండు చక్రముల నడుమ భూమికి దగ్గరగా కుదురుకొన్నది. అదే మూడు కిలోలు వెనుక ఎత్తున నున్నప్పటికంటె అచట సగము బాధయైనను పెట్టవు.

కాబట్టి కొనువారు రేంజి యంకెను, బరువు యంకెను ప్రక్కప్రక్కన పెట్టి తూచుటకు మునుపు తమ దారిని తూచుకొనవలెను. నింపుకొను తావులు దగ్గరగా నున్నవా? ఉన్నచో నీటికాలముల నమ్మిన ఆవిరియుగమువారివలె చిన్న బ్యాటరీతో తేలికగా పోవచ్చును. పట్టణమున పనికి పోయి సాయంత్రమునకు ఇల్లు చేరువానికి 750 వాట్-అవర్లు వ్యర్థభారమే. మైకల అడవులలో దినమంతయు తిరిగి, నడుమ ఛార్జి చేయు వసతి లేనివానికి ఆ కిలోన్నర వ్యర్థము కాదు, అభయము. కాని అట్టివాడు ఆ బరువు ఫ్రేములో ఎచట కూర్చున్నదో గారట్ కన్నుతో పరీక్షింపవలెను. ఇంటను, పనిచోటను ప్లగ్గు గలవాడు బత్తెమును గోడలోనే విడిచి, తేలిక బండిని కొని, మిగిలిన సొమ్ముతో మంచి బ్రేకులు కొనుట మేలు. తమ తాతలు టెండరుమీద నిలిచి నేర్చిన ఈ లెక్కను బిలాస్‌పూరు తెలుగు యువకులు దుకాణములలోని ప్రకటనలకంటె ముందుగా మననము చేసికొందురు గాక: శక్తిని ఎంత మోయగలమన్నది రెండవ ప్రశ్న, ఎంత మోయనక్కరలేదన్నదే మొదటి ప్రశ్న.