ఉజ్బెకిస్తాన్ వెళ్తున్నారా? చేతిపని వస్తువులు ఇలా చూసి కొనండి

తాష్కెంట్, సమర్కంద్, బుఖారా ఇప్పుడు మనవాళ్ల ప్రయాణాల జాబితాలో బాగానే కనిపిస్తున్నాయి. ఢిల్లీ నుంచి తాష్కెంట్‌కు నేరుగా విమానం ఉంది. అక్కడి నుంచి సమర్కంద్, బుఖారాలకు అఫ్రోసియాబ్ అనే వేగపు రైలు నడుస్తుంది. చూడాల్సినవి చూశాక అందరూ చేరేది బజారుకే. ఇంటికి, చుట్టాలకు, పక్కింటి వాళ్లకు ఏదో ఒకటి తీసుకెళ్లాలి కదా.

సమస్య అక్కడే మొదలవుతుంది. ఒకే దుకాణంలో, ఒకే బల్ల మీద ఉస్తాద్ చేతిపని, ఫ్యాక్టరీ సరుకు కలిపి పెట్టి అమ్ముతారు. రెండింటికీ ‘హ్యాండ్‌మేడ్’ అనే చెబుతారు. తేడా తెలియకపోతే మన డబ్బు పోతుంది. అంతకంటే పెద్ద నష్టం నెలల తరబడి కూర్చుని పనిచేసిన మనిషికి. అతనికి రావాల్సిన బేరం యంత్రం సరుకుకు పోతుంది. పోచంపల్లి నేతన్నలకు అచ్చు వేసిన నకిలీ ఇక్కత్ చేస్తున్న అన్యాయమే ఇది. కాబట్టి ఏ వస్తువులో ఏం చూడాలో ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది.

పట్టు బట్టలు: అద్రస్, అట్లస్

ఉజ్బెక్ పట్టుకు పేరు మర్గిలాన్ పట్టణానిది. ఇది ఫర్గానా లోయలో ఉంది. బాబర్ పుట్టిన ఆండిజాన్ కూడా ఈ లోయలోదే. ఇక్కడి రంగుల బట్టను నేసే పద్ధతి మన చిటికి పనికి దగ్గరి చుట్టం. నేతకు ముందే దారాలను కట్టలుగా కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి ఇంకో రంగులో ముంచుతారు. ఈ పనిని అబ్ర్‌బందీ అంటారు. అబ్ర్ అంటే మబ్బు. ఉర్దూ తెలిసినవాళ్లకు ఈ మాట కొత్త కాదు. డిజైన్ అంచులు మబ్బుల్లా మసకగా కలిసిపోతాయి కాబట్టి ఆ పేరు సరిగ్గా సరిపోయింది.

ఒక తేడా ఉంది. మన దగ్గర పడుగు, పేక రెండింటికీ కట్టే పని కూడా ఉంది, పుట్టపాక తేలియా రుమాల్ అలాంటిదే. ఉజ్బెక్ పనిలో కట్టు పడుగు దారానికే. అందుకే మసక అంచు బట్ట పొడవునా ఒకే దిక్కుగా కనిపిస్తుంది.

పడుగు పట్టు, పేక నూలు అయితే అది అద్రస్. రెండూ పట్టే అయితే అట్లస్, ఇది నున్నగా మెరుస్తుంది. ఈ రెండు బట్టల తయారీని కాపాడుతున్నందుకు మర్గిలాన్ హస్తకళల కేంద్రాన్ని యునెస్కో 2017లో తన మంచి పద్ధతుల జాబితాలో చేర్చింది.

కొనేటప్పుడు బట్టను తిప్పి చూడండి. అసలైన దాంట్లో డిజైన్ రెండు వైపులా ఉంటుంది, ఎందుకంటే రంగు ఉన్నది దారంలోనే. అచ్చు వేసిన దాని వెనక భాగం వెలిసిపోయినట్టు ఉంటుంది, అంచులు గీత గీసినట్టు పదునుగా ఉంటాయి. పట్టేనా అని అనుమానం ఉంటే అంచు నుంచి ఒక దారం తీసి కాల్చి చూపించమని అడగండి. పట్టు కాలితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. సింథటిక్ అయితే కరిగి చిన్న గట్టి పూసలా మిగులుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. చేనేత అద్రస్ పన్నా తక్కువ, చాలావరకు అర మీటరు లోపే ఉంటుంది. మన లెక్కలో రెండున్నర మీటర్లు తెచ్చుకుంటే కుర్తా కాదు. ఎంత కావాలో దర్జీని ముందే అడిగి వెళ్లండి.

సుజానీ: సూది పని

సుజన్ అంటే ఫార్సీలో సూది. దాని నుంచే సుజానీ అనే పేరు వచ్చింది. ఆడపిల్ల పెళ్లికి తల్లి, అమ్మమ్మ, ఇంటి ఆడవాళ్లు కలిసి కుట్టి సారెగా ఇచ్చే గుడ్డ ఇది. దానిమ్మ కాయలు, పెద్ద గుండ్రటి పూలు, తీగలు ఇందులో ఎక్కువ. ముందుగా సన్నటి గుడ్డ పట్టీలను వదులుగా కలిపి డిజైన్ గీస్తారు. గీసే ఆమెను కలంకష్ అంటారు. మన కలంకారీలోని కలమే ఇక్కడా. తర్వాత పట్టీలను విడదీసి ఒక్కొక్కరూ ఒక్కోటి కుట్టి, చివర మళ్లీ కలుపుతారు.

అందుకే పాత పద్ధతి సుజానీలో అతుకు దగ్గర పువ్వు ఒక చిటికెడు పక్కకు జరిగి ఉంటుంది, రంగు కూడా కాస్త మారుతుంది. దాన్ని లోపం అనుకోకండి, నలుగురి చేతులు పడ్డాయనడానికి గుర్తు అది. గుడ్డ తిరగేస్తే చేతి కుట్టులో ముడులు, అక్కడక్కడ దాటిన దారాలు కనిపిస్తాయి. యంత్రం కుట్టు వెనక ఒకే రంగు సన్న దారం వరసగా పరుచుకుని ఉంటుంది. ప్రతి పువ్వు అచ్చంగా ఒకేలా ఉన్నా అనుమానించాల్సిందే.

పెద్ద సుజానీకి నెలలు పడుతుంది. అది చీర ధరకు వస్తుందంటే నమ్మకండి. బడ్జెట్ తక్కువైతే యంత్రం పని పెద్దది కొనే బదులు చేతిపని చిన్నది, ఒక దిండు గలీబు తీసుకోండి.

పళ్లాలు, పియాలాలు

నీలం, ఆకుపచ్చ కలిసిన పళ్లాలు ఫర్గానా లోయలోని రిష్తాన్‌వి. మొక్కల బూడిదతో చేసే ఇష్కోర్ అనే పూత వల్ల ఆ నీలానికి లోతు వస్తుంది. గోధుమ, పసుపు, మట్టి రంగులు ఎక్కువగా ఉంటే అవి బుఖారా దగ్గరి గిజ్దువాన్ పని. ఉజ్బెక్ కుమ్మరి కళను యునెస్కో 2023లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

పళ్లెం మధ్యలో మూడు చిన్న చుక్కల్లాంటి మచ్చలు ఉంటే పక్కన పెట్టేయకండి. ఆవంలో పళ్లాలు ఒకదాని మీద ఒకటి పేర్చేటప్పుడు మధ్యలో మూడు కాళ్ల మట్టి ముక్క పెడతారు. ఆ కాళ్ల గుర్తులే అవి. కుంచె గీతలో ఒకచోట రంగు చిక్కగా, ఒకచోట పలచగా ఉంటే చేతిపని. పది పళ్లాల మీద ప్రతి గీతా ఒకేలా ఉంటే అది అంటించిన బొమ్మ. వేలితో తట్టి చూడండి. బాగా కాలింది ఖంగుమంటుంది, లోపల పగులు ఉంటే బొంగురుగా పలుకుతుంది.

తినడానికి వాడతారా, గోడకు తగిలిస్తారా అన్నది దుకాణంలోనే చెప్పి అడగండి. కొన్ని పూతల్లో సీసం ఉండొచ్చు. అమ్మేవాళ్లు స్పష్టంగా చెప్పలేకపోతే అలంకరణకే వాడండి. పులుసు, నిమ్మరసం, వేడి చాయ్ లాంటివి అందులో పోయొద్దు.

కాగితం, రిహల్, కత్తెర

సమర్కంద్ పక్కన కోనిగిల్ ఊళ్లో మల్బరీ బెరడుతో ఇప్పటికీ చేత్తో కాగితం చేస్తున్నారు. బెరడు నానబెట్టి, గీకి, గంటల తరబడి ఉడికించి, నీటి చక్రంతో తిరిగే రోకళ్లతో దంచుతారు. ఆరిన కాగితాన్ని నున్నటి రాయితో రుద్ది మెరిపిస్తారు. ఈ పని కళ్లారా చూసి అక్కడే కొనుక్కోవచ్చు. నోటుపుస్తకాలు, చిన్న చిత్రాలు తేలిక, పెట్టెలో పగలవు. ఎక్కువ మందికి ఇవ్వాల్సి ఉంటే ఇదే మంచి కానుక.

మనం రిహల్ అనే పుస్తకపీటను అక్కడ లౌహ్ అంటారు. ఒకే చెక్కను లోపలి నుంచి కోసి, మేకు గానీ మడత బందు గానీ లేకుండా తెరుచుకునేలా చేస్తారు. రెండు ముక్కలు కలిపి అతికించారా అన్నది చెక్క గీతలు చూస్తే తెలిసిపోతుంది. ఒకే చెక్క అయితే గీత ఈ రెక్క నుంచి ఆ రెక్కకు సాగుతుంది.

బుఖారా కమ్మరులు కొంగ ఆకారంలో కత్తెరలు చేస్తారు. వీటిని చేతి సంచిలో పెడితే విమానాశ్రయంలో తీసేసుకుంటారు. లగేజీలోనే పెట్టండి.

తివాచీ కొంటే

‘బుఖారా తివాచీ’ అన్న పేరు నేసిన చోటును బట్టి కాదు, అమ్మిన బజారును బట్టి వచ్చింది. వాటిని ఎక్కువగా నేసింది తుర్క్‌మెన్లు. కొనేటప్పుడు తిరగేసి ముడులు చూడండి, చేతి ముడులు కాస్త ఎగుడుదిగుడుగా ఉంటాయి. చివరి కుచ్చులు పడుగు దారాల కొనసాగింపే అయి ఉండాలి. విడిగా కుట్టి తగిలించినట్టు ఉంటే యంత్రం సరుకు.

ఎక్కడ కొనాలి, ఎలా బేరమాడాలి

బుఖారాలో 16వ శతాబ్దపు గుమ్మటాల బజార్లు ఉన్నాయి. తోకీ జర్గరాన్ నగల పనివాళ్లది, తోకీ తెల్పక్ ఫురూషాన్ టోపీల వాళ్లది, తోకీ సర్రాఫాన్ సొమ్ము మార్చేవాళ్లది. పేర్లు వింటుంటే మన పాతబస్తీ గుర్తొస్తుంది. తిరగడానికి ఇవి బాగుంటాయి. కానీ ఖరీదైనది కొనాలంటే పని జరిగే చోటుకే వెళ్లండి. మగ్గం, చక్రం, కొలిమి కళ్ల ముందు ఉంటే మోసానికి చోటు తక్కువ, డబ్బు కూడా పనివాడి చేతికే చేరుతుంది.

పనివాణ్ని ‘ఉస్తా’ అని పిలవండి. ‘ఖంచా’ అంటే ఎంత అని. ‘రహ్మత్’ అంటే షుక్రియా. బజారులో బేరం మామూలే. కార్ఖానాలో మాత్రం మరీ సగానికి అడగకండి. రెండు మూడు కలిపి తీసుకుంటే తగ్గిస్తారా అని అడగడం మర్యాద. చిన్న పనివాళ్ల దగ్గర కార్డు పనిచేయకపోవచ్చు, కాబట్టి నగదు సోమ్‌లు ఉంచుకోండి.

తిరిగి వచ్చేటప్పుడు

‘ఇది వందేళ్ల నాటిది’ అని అమ్మేవాడు గొప్పగా చెబితే రెండు ప్రమాదాలు. అబద్ధమైతే ఎక్కువ డబ్బు పెట్టినట్టు. నిజమైతే ఇంకా ఇబ్బంది, ఎందుకంటే 50 ఏళ్లు దాటిన వస్తువులను ఉజ్బెకిస్తాన్ దేశం దాటనివ్వదు. కొత్తదైనా పాతదిలా కనిపించే తివాచీ, సుజానీ, రాతప్రతి లాంటివాటికి అక్కడి సాంస్కృతిక శాఖ ధ్రువపత్రం అడగొచ్చు. దుకాణదారుడే ఇప్పిస్తాడేమో కొనకముందే తేల్చుకోండి. కొత్తగా చేసింది కొనడమే అన్ని విధాలా మేలు.

ప్రతి దానికీ రసీదు తీసుకోండి. మన కస్టమ్స్‌లో సుంకం లేకుండా తెచ్చుకునే విలువకు పరిమితి ఉంది. 2016 బ్యాగేజీ నిబంధనల్లో అది 50,000 రూపాయలుగా ఉండేది. ఇలాంటి పరిమితులు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు కస్టమ్స్ వెబ్‌సైట్‌లో తాజా అంకె చూసుకోండి. ఏనుగు దంతం, తాబేలు చిప్ప, అడవి జంతువుల తోలుతో చేసినవి ఎంత అందంగా ఉన్నా ముట్టుకోవద్దు. అవి అంతర్జాతీయ ఒప్పందాలు, మన వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి.

పది చవక బొమ్మల బదులు ఒక్క మంచి పియాలా తెచ్చుకున్నా చాలు. చేసిన ఉస్తా పేరు, ఊరు ఒక చీటీ మీద రాయించుకుని దానితోపాటే దాచండి. రేపు దాన్ని చూసి ఎవరైనా అడిగితే ఆయన పేరు చెప్పండి. వాళ్లు అటు వెళ్తే నేరుగా ఆయన దగ్గరికే పోతారు.