"పొర ముదరనీ" అన్న మాట ఎక్కడిది?

ఈ వారం ఎపిసోడ్‌లో టైం సరిపోక వదిలేసిన సంగతి ఇక్కడ రాస్తున్నా. డ్యూటీ దిగి రూముకొచ్చి పండుకునే ముందు చదువుకునేంతే ఉంటది.

ఇంటికి ఫోన్ చేస్తే మనలో చాలామందికి వినబడే మాట ఇది: "కండ్లకు పొర వచ్చిందన్నరు బిడ్డా. ఇంకా ముదరలేదు, ముదిరినంక చేయించుకుంటా." మా అమ్మ రెండేళ్లు ఇదే చెప్పింది. అమ్మ సాకులు చెబుతోందని మొదట కోపం వచ్చింది గానీ, ఈ మాట ఒకప్పుడు డాక్టర్లే చెప్పింది. వైద్యం మారింది, మాట ఊళ్లోనే ఉండిపోయింది.

శుక్లానికి మన దేశంలో వైద్యం చాలా పాతది. సుశ్రుత సంహితలోనే ఉంది. సన్నని పరికరంతో కంట్లో మసకబారిన కటకాన్ని చూపుకు అడ్డం లేకుండా కిందికి నెట్టేవాళ్లు. వెలుతురు లోపలికి పోయి కొంత చూపు వచ్చేది. చీము పట్టి కన్నే పోయే ప్రమాదమూ ఉండేది. కటకాన్ని బయటికి తీసే పద్ధతిని 1747లో ఫ్రాన్స్‌లో ఝాక్ దావియెల్ అనే వైద్యుడు మొదలుపెట్టాడు.

అక్కడి నుంచి నేరుగా మన తాతల కాలానికొద్దాం. 1970లు, 80లలో కంటి శిబిరాలు బడుల్లో, సత్రాల్లో పెట్టేవాళ్లు. కటకాన్ని దాని సంచితో సహా తీసేసి, లోపల ఏమీ పెట్టకుండానే కట్టు కట్టేవాళ్లు. ఆ లోటు తీర్చడానికే సోడాబుడ్డి అద్దాలు. మా తాతవి అట్లాంటివే, +10 దగ్గర పవర్. వాటిలోంచి చూస్తే ప్రతిదీ పావు వంతు పెద్దగా కనబడుతుంది. పక్కలు కనబడవు, మెట్టు ఎక్కడుందో అందదు. ఒక కంటికే ఆపరేషన్ చేస్తే ఇంకా తిప్పలు: రెండు కళ్లకు రెండు సైజుల బొమ్మలు, మెదడు వాటిని కలపలేదు. కొంచెం చూపు మిగిలిన మనిషికి ఆ ఆపరేషన్‌తో లాభం కంటే ఇబ్బందే ఎక్కువ. అందుకే డాక్టర్ ఆగమన్నాడు. ఆ రోజులకు అది మంచి సలహానే.

"ఎండాకాలంలో వద్దు" అన్నదీ ఆ శిబిరాల నాటిదేనని నా అనుమానం. ఫ్యాన్ లేని బడి గదిలో కండ్లకు కట్టుతో, తల కదపకుండా రోజుల తరబడి పడుకోవాలంటే చలికాలమే నయం గదా!

కథ మలుపు తిరిగింది లండన్‌లో. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ పైలట్లకు హెరాల్డ్ రిడ్లీ వైద్యం చేశాడు. విమానం కాక్‌పిట్ పైకప్పు పగిలి ప్లాస్టిక్ ముక్కలు కంట్లో దిగినా, కన్ను వాటిని ఓర్చుకోవడం గమనించాడు. 1949 నవంబర్ 29న అదే రకం ప్లాస్టిక్‌తో చేసిన కటకాన్ని ఒక రోగి కంట్లో అమర్చాడు. తోటి డాక్టర్లు చాలా ఏళ్లు ఆయనను తప్పుబట్టారు.

మన పేదలకు అది చేరడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది, విదేశీ లెన్స్ ఖరీదు అట్లాంటిది మరి. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరై, 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టాడు. ఆ సంస్థే 1992లో ఆరోల్యాబ్ పెట్టి లెన్స్‌లు చవకగా తయారుచేసింది. 1994లో ప్రపంచ బ్యాంకు అప్పుతో ఏడు రాష్ట్రాల్లో శుక్లాల పథకం వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. అప్పటి నుంచి బడిలో కోయడం తగ్గి, ఆసుపత్రికి తీసుకుపోయి లెన్స్ పెట్టడం పెరిగింది.

2018 ఆగస్టు 15న తెలంగాణలో కంటి వెలుగు మొదలైంది. ఊరూరా పరీక్షలు, ఉచిత అద్దాలు. మంచి పనే. కానీ పరీక్ష సగం పనే, రాసిచ్చిన ఆపరేషన్ దాకా ముసలివాళ్లను ఎవరో ఒకరు వెంటబెట్టుకుని పోవాలి. కొడుకు మస్కట్‌లో, కోడలు పొలంలో ఉంటే ఎవరు పోతారు?

ఇప్పుడైతే ముదరాల్సిన పని లేదు. వంటకు, నడకకు, డబ్బులు లెక్కపెట్టుకోవడానికి ఇబ్బంది అయితే చాలు, అదే సమయం. ఎక్కువ ముదిరిన పొర రాయిలా గట్టిపడి తీయడం కష్టమవుతుంది. ఒక్కోసారి లోపలే కారి కంట్లో ఒత్తిడి పెరిగి భరించలేని నొప్పి వస్తుంది. మసక చూపుతో బాత్రూంలో పడి తుంటి విరిగితే ఆ ఖర్చు, ఆ మంచం వేరే కథ.

ఇంకోటి. ప్రతి మసకా పొర కాదు. షుగర్ ఉన్నవాళ్లకు కంటి వెనుక నరాలు దెబ్బతినొచ్చు. నీటికాసులతో పోయిన చూపు ఏ ఆపరేషన్‌తోనూ తిరిగి రాదు. "పొరేలే, ముదరనీ" అని కూర్చుంటే ఆ రెండూ లోపల పని కానిచ్చేస్తాయి. షుగర్ ఉంటే ఏడాదికోసారి కంట్లో చుక్కలు వేసి చూసే పరీక్ష చేయించాల్సిందే.

ఈసారి వీడియో కాల్‌లో "కండ్లు కనబడుతున్నయా?" అని అడగకండి, కనబడుతున్నయనే అంటారు. ఒక కన్ను చేత్తో మూసుకుని గోడమీది క్యాలెండర్‌లో తేదీ చదవమనండి. తర్వాత రెండో కన్ను. రెండూ తెరిచి చూస్తే పాడైన కంటి సంగతిని మంచి కన్ను దాచిపెడుతుంది. తేడా కనబడితే అక్కకో, బామ్మర్దికో ఆ రోజే ఫోన్ చేసి, ఆసుపత్రికి ఎవరు తీసుకుపోతారో, ఏ రోజో మాట్లాడుకోండి.